పొలానికి దారి హక్కు: అర్జీ రాసే ముందు ఆ దారి ఏ జాతిదో తేల్చుకోండి

వేరుశనగ ఒక్కటే ప్రధాన పంటగా సాగిన కాలంలో అనంతపురం జిల్లా మెట్ట పొలాల్లో దారి పెద్ద సమస్యగా ఉండేది కాదు. కార్తీకం నాటికి కాయ పీకి కల్లానికి చేర్చుకున్నాక మళ్ళీ తొలకరి పడేదాకా చేలన్నీ ఖాళీగానే ఉండేవి కనుక, ఎవరి బండి ఎవరి చేనికి అడ్డంగా పోయినా అడిగేవారు లేరు. బోర్లు పడి, డ్రిప్పు పైపులు పరుచుకుని, గార్లదిన్నె, పుట్లూరు, తాడిపత్రి వైపు చీనీ, అరటి తోటలు పెరిగి, ఏడాది పొడవునా నేల పంటతోనే ఉండడం మొదలయ్యాక, ఆ వేసవి దార్లు ఒక్కొక్కటిగా కంచెల వెనక్కి పోయాయి. మరోవైపు తోట ఉన్న ప్రతి రైతుకూ కోతల వేళకు లారీ గెనిమ దాకా రావలసిన అవసరం ఏర్పడింది. ఇప్పుడు మన వైపు వినిపించే దారి తగాదాల్లో ఎక్కువ వాటికి మూలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇలాంటి తగాదా వచ్చినప్పుడు సాధారణంగా జరిగేది ఏమిటంటే, దారి మూసిన మర్నాడే బాధితుడు తహసీల్దారుకు ఒక అర్జీ, పోలీసులకు ఒక ఫిర్యాదు, వీలైతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో మరొక అర్జీ ఇస్తాడు. మూడు చోట్లా మూడు రకాలుగా రాస్తాడు. ఒకచోట అది ప్రభుత్వ రస్తా అంటాడు, ఇంకొకచోట తాతల నాటి నుంచి నడిచిన దారి అంటాడు, మరొకచోట ఆ స్థలం తనదేనంటాడు. ఆరు నెలల తర్వాత కోర్టుకు వెళ్ళినప్పుడు అవతలి న్యాయవాది ఆ మూడు కాగితాలూ ముందు పెట్టి, వీటిలో ఏది నిజమని అడుగుతాడు. కాబట్టి మొదటి కాగితం మీద మొదటి అక్షరం రాయకముందే, ఆ దారి ఏ జాతికి చెందినదో తేల్చుకోవాలి. ప్రభుత్వ రస్తాకు మందు వేరు, పట్టా భూమిలోంచి పోయే దారికి మందు వేరు. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు.

ముందు నక్షా తీయండి

మొదట కావలసినవి గ్రామ నక్షా, మీ సర్వే నంబరుకూ పక్క సర్వే నంబర్లకూ సంబంధించిన ఎఫ్‌ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) పటాలు. మీభూమి పోర్టల్‌లో వీటిని చూసుకోవచ్చు; అయితే కోర్టులో పనికి రావాలంటే అధికారిక సంతకం, ముద్ర ఉన్న నకలు కావాలి కనుక, గ్రామ సచివాలయంలోని సర్వేయరు ద్వారా గానీ తహసీల్దారు కార్యాలయంలో గానీ దరఖాస్తు పెట్టి తీసుకోవాలి. భూముల రీసర్వే పూర్తయిన గ్రామమైతే కొత్త భూ కమతాల పటం, అంటే ఎల్‌పీఎం నంబరుతో వచ్చినది కూడా తీసుకుని, పాత ఎఫ్‌ఎంబీలో కనిపించిన దారి కొత్త పటంలో కూడా ఉందో లేదో పోల్చి చూడాలి. కొత్తది వచ్చిందని పాత నకళ్ళను పారేయకండి. దారి ఎప్పటినుంచో ఉందని చెప్పగలిగేవి అవే.

పటం చదవడం కష్టమేమీ కాదు. దారికి సొంత సర్వే నంబరు గానీ సబ్‌డివిజన్ నంబరు గానీ ఉండి, రెండు వైపులా నిండు గీతలతో హద్దులు గీసి ఉంటే, ఆ నంబరును పాత రెవెన్యూ రికార్డులైన డైగ్లాట్‌లో లేదా రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో వెతకాలి. అక్కడ ‘రస్తా పోరంబోకు’, ‘బండి దారి’, ‘వంక పోరంబోకు’ వంటి మాట ఉంటే అది ప్రభుత్వ భూమి. అలా కాకుండా పట్టా నంబరు మధ్యలోంచి చుక్కల గీతలు మాత్రమే పోతుంటే, సర్వే జరిగిన నాటికి అక్కడ బాట నడుస్తోందని, నేల మాత్రం పట్టాదారుదేనని అర్థం చేసుకోవాలి. సాధారణంగా జంట చుక్కల గీత బండి బాటనూ, ఒంటి గీత కాలిబాటనూ సూచిస్తుంది. పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు. కాబట్టి పటం మీద దారి వెడల్పు 20 లింకులని ఉంటే నేల మీద 13 అడుగులకు కొంచెం పైన ఉండాలి.

అది రస్తా పోరంబోకు అని తేలితే మీ పని సులువైనట్టే. అలాంటి దారిలో నడవడానికి ఎవరూ 20 ఏళ్ళ అనుభవం రుజువు చేయనక్కరలేదు. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద సెక్షన్ 7 ప్రకారం ఆక్రమణదారుకు నోటీసు ఇచ్చి, సెక్షన్ 6 ప్రకారం తొలగించే అధికారం రెవెన్యూ శాఖకు ఉంది. అర్జీలో ‘మా దారి’ అని రాయకుండా, ఫలానా గ్రామం, ఫలానా సర్వే నంబరు, రస్తా పోరంబోకు, ఫలానా చోట నుంచి ఫలానా చోట వరకు ఆక్రమణకు గురైంది, సర్వే చేసి హద్దులు చూపి తొలగించవలసింది అని రాసి, పటం నకలు జతచేసి, రసీదు తీసుకోండి. గ్రామ పంచాయతీకి కూడా ఒక ప్రతి ఇవ్వండి. ఎంతకాలమైనా కదలిక లేకపోతే హైకోర్టులో రిట్ వేసే మార్గం ఉంది. అప్పుడు ఆ రసీదులే మీకు ఆధారం.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పట్టా భూమిలోంచి దారి తెరిపించమని తహసీల్దారును అడగడం, ఆయన మొహమాటానికో ఒత్తిడికో ఉత్తర్వు ఇవ్వడం, దాన్ని అవతలివారు పైన కొట్టివేయించడం, ఈ మూడింటి వల్ల ఎవరికీ దారి దొరకదు. ప్రైవేటు భూమి మీద ఇంకొకరికి నడిచే హక్కు ఉందో లేదో తేల్చే అధికారం సివిల్ కోర్టుదే.

పట్టా భూమిలోంచి పోయే దారికి ఆధారాలు ఏమిటి

ఈ విషయంలో మన జిల్లాలకు వర్తించేది 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో మొదటినుంచీ అమలులో ఉన్న చట్టమిది. దారి హక్కు వంటివాటిని ఆ చట్టం ఈజ్‌మెంట్ అంటుంది. దాని లెక్క ప్రకారం దారి హక్కు మనిషికి చెందినది కాదు, భూమికి చెందినది. వెనకనున్న పొలాన్ని సరిగా అనుభవించడం కోసం ముందున్న పొలం మీద ఉండే హక్కు అది. అందుకే వెనక పొలం అమ్ముడైతే హక్కు కూడా కొన్నవారికి పోతుంది. పొలం ఉంచుకుని దారి హక్కును మాత్రం ఇంకొకరికి అమ్ముకోవడం కుదరదు.

ఆ హక్కు రావడానికి ప్రధానంగా మూడు తోవలున్నాయి: రాసి ఇవ్వడం, అవసరం వల్ల రావడం, దీర్ఘకాల అనుభవం వల్ల రావడం. గ్రామాచారం వల్ల వచ్చేది నాలుగవది. శ్మశానానికో గుడికో ఊరంతా తరతరాలుగా నడిచే బాట ఏదైనా పట్టా భూమిలోంచి పోతుంటే సెక్షన్ 18 కింద దాన్ని నిలబెట్టుకోవచ్చు, కానీ ఒక రైతు సొంత తోటకు అది పనికి రాదు. రాసి ఇవ్వడం గురించి తర్వాత వివరంగా చెబుతాను. మిగిలిన రెండింటినీ జనం తరచుగా కలగాపులగం చేస్తారు కనుక వాటిని విడివిడిగా చూడాలి.

సెక్షన్ 13లో ఉన్న అవసరపు దారి ఒక్క సందర్భంలోనే పుడుతుంది. ఒకప్పుడు మొత్తం భూమి ఒకే యజమానిదో ఒకే కుటుంబానిదో అయి ఉండి, అమ్మకం వల్లనో భాగపరిష్కారం వల్లనో అది ముక్కలై, ఒక ముక్కకు మిగిలిన ముక్క మీదుగా తప్ప దారి లేకుండా పోవాలి. ఉదాహరణకు తండ్రికి ఉన్న 12 ఎకరాలను అన్నదమ్ములిద్దరూ రోడ్డు వైపు ఆరు, లోపలి వైపు ఆరు చొప్పున పంచుకుని, పత్రంలో దారి మాట రాయడం మరిచారనుకుందాం. లోపలి భాగానికి మరే దారీ లేకపోతే, అన్న భాగంలోంచి తమ్ముడికి దారి ఉంటుంది. అయితే ఏ పక్క నుంచి ఇవ్వాలో ముందు చూపించే అధికారం అన్నదే. ఆయన చూపించిన దారి తమ్ముడికి తగుమాత్రం అనుకూలంగా ఉండాలి. ఆయన చూపించడానికి నిరాకరించినా నిర్లక్ష్యం చేసినా తమ్ముడే ఏర్పరచుకోవచ్చని సెక్షన్ 14 చెబుతుంది.

ఇందులో రెండు మెలికలున్నాయి. అవసరం అంటే నిజంగా గత్యంతరం లేకపోవడం. వంక పక్కనుంచి కిలోమీటరు తిరిగి పోయే దారి ఒకటుంటే, అది ఎంత కష్టమైనా, అవసరపు దారి రాదు. సౌకర్యం వేరు, అవసరం వేరు. రెండవది, ఆ అవసరం తీరిపోతే హక్కు కూడా తీరిపోతుంది. తమ్ముడు తర్వాత వెనకవైపు రోడ్డుకు ఆనుకుని అరెకరం కొన్నాడంటే అన్న దారి మూసుకోవచ్చు. ఏనాడూ ఒకే యజమాని కింద లేని రెండు పొలాల మధ్య ఈ సెక్షన్ అసలు పనిచేయదు. దారి లేని పొలాన్ని తక్కువ ధరకు కొని, చట్టప్రకారం పక్కవాడు దారి ఇవ్వాల్సిందేనని ధీమాగా ఉండేవారిని చూస్తుంటాం. అలాంటి చట్టం ఏదీ లేదు.

సెక్షన్ 15లో చెప్పిన దీర్ఘకాల అనుభవం ఇంకొక రకం. 20 ఏళ్ళపాటు శాంతియుతంగా, బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా నడిచి ఉండాలి. ఇందులో అన్నిటికన్నా బరువైన షరతు ‘హక్కుగా’ అన్నది. పక్క రైతు మంచితనంతో పోనిస్తే పోయిన దారికి, ప్రతి సుగ్గికీ ఆయనకు ఇంత కాయో ఇంత డబ్బో ఇచ్చి పోయిన దారికి, ప్రతిసారీ చెప్పి పోయిన దారికి 40 ఏళ్ళు గడిచినా హక్కు రాదు, ఎందుకంటే అది అనుమతి. చట్టం దాన్ని లైసెన్సు అంటుంది. సాధారణంగా ఇచ్చినవారు ఎప్పుడైనా ఉపసంహరించుకోవచ్చు. అయితే ఆ అనుమతిని నమ్మి మీరు సొంత ఖర్చుతో అక్కడ కల్వర్టో రాళ్ళ రోడ్డో వంటి శాశ్వతమైన పని చేసి ఉంటే, సెక్షన్ 60 కింద దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదని వాదించవచ్చు. దారి ఇస్తున్న రైతు వైపు నుంచి చూసినా ఇది తెలుసుకోదగ్గ విషయమే: పక్కవారికి సాయంగా దారి వదిలి, అది రేపు తన మెడకు చుట్టుకోకూడదనుకుంటే, ఇది అనుమతి మాత్రమేనని రెండు వాక్యాల కాగితం రాయించి సంతకం తీసుకుంటే సరిపోతుంది.

కాలం లెక్కలోనూ జాగ్రత్త కావాలి. ఆ 20 ఏళ్ళు దావా వేసిన రోజుకు వెనకనున్న రెండేళ్ళలోపు ముగిసి ఉండాలి. దారి మూసేశాక పెద్దమనుషుల పంచాయితీ పేరుతో మూడేళ్ళు నానబెట్టి తర్వాత కోర్టుకు వెళితే, 60 ఏళ్ళు నడిచిన దారి కూడా చేజారవచ్చు. ఎవరైనా అడ్డం వేసినంత మాత్రాన అనుభవం తెగినట్టు కాదు. దాని సంగతి తెలిసిన తర్వాత ఏడాదిపాటు ఊరకుంటేనే అది చట్టం దృష్టిలో ఆటంకం అవుతుంది. కాబట్టి అడ్డం వేసిన వెంటనే రిజిస్టర్డు పోస్టులో నోటీసు ఇవ్వడం మంచిది. ఆ భూమి ప్రభుత్వానిదైతే 20కి బదులు 30 ఏళ్ళు కావాలి. తుంగభద్ర ఎగువ కాలువ, హంద్రీ–నీవా కాలువ గట్ల మీదుగా ట్రాక్టర్లు తోలుకుంటున్నవారు ఇది గుర్తుంచుకోవాలి. పైగా ప్రభుత్వం మీద దావా వేయాలంటే సివిల్ ప్రొసీజరు కోడ్ సెక్షన్ 80 కింద ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి.

హక్కు ఎంతవరకు

ఇది చాలామంది తలకెక్కించుకోని భాగం. ఒక రకం దారి హక్కులో ఇంకో రకం దారి హక్కు ఇమిడి ఉండదని సెక్షన్ 28 స్పష్టంగా చెబుతుంది. కాలిబాట మీద హక్కున్నవారు బండి తోలలేరు. అనుభవం వల్ల వచ్చిన హక్కు ఎంత అన్నది ఇన్నాళ్ళూ ఎలా వాడుకున్నారో దాన్నిబట్టే తేలుతుంది. తాత కాలంలో ఎద్దుల బండి పోయిన ఎనిమిది అడుగుల బాటలో చీనీ కాయల లారీ పోవాలంటే, లారీ లేదా అలాంటి బరువు బండి 20 ఏళ్ళుగా పోతోందని చూపగలగాలి. పంట కోశాక మాత్రమే నడిచిన దారికి ఏడాది పొడవునా హక్కు అడగలేరు. మొదట్లో చెప్పిన మన వేసవి దార్లు చాలావరకు ఇక్కడే ఓడిపోతాయి.

దారి హక్కు ఉంది కదా అని అదే బాటలో బోరు నీళ్ళ పైపు, కరెంటు కేబుల్ వేయడానికి కూడా వీల్లేదు. అవి విడి హక్కులు, విడిగా రాయించుకోవాలి. వెనకనున్న సేద్యపు భూమిని ప్లాట్లు వేసి, 50 ఇళ్ళవారిని అదే దారిన నడిపించాలని చూస్తే, భారం పెంచకూడదన్న సెక్షన్ 29 అడ్డొస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన లేఅవుట్లు వేసేవారు దీని జోలికి పోకుండా, దారి స్థలాన్ని నేరుగా కొనుక్కోవడమే క్షేమం. మరమ్మతు ఖర్చు దారి వాడుకునేవారిదే. భూమి యజమాని దారి బాగుచేసి ఇవ్వనక్కరలేదు, అడ్డం పెట్టకుండా ఉంటే చాలు. 20 ఏళ్ళు ఎవరూ నడవకపోతే ఆ హక్కు దానంతట అదే పోతుంది.

రుజువులు కూడబెట్టే పద్ధతి

మీ పత్రాలకన్నా అవతలివారి పాత పత్రాలే మీకు ఎక్కువ సాయపడతాయి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఈసీ (ఆ భూమి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా) తీసి, మీ చుట్టూ ఉన్న సర్వే నంబర్ల పాత విక్రయ, భాగపరిష్కార, తనఖా పత్రాల నకళ్ళు తెప్పించండి. వాటి చెక్కుబందీలో ‘పడమర: బండి రస్తా’ అనో ‘ఉత్తరం: ఫలానావారి పొలానికి పోవు దారి’ అనో ఉంటే, ఆ రాసినవారి వారసులు ఇప్పుడు దారే లేదనడం కష్టం. విక్రయ పత్రాల చివర యాంత్రికంగా రాసే ‘దారి, నీరు, గట్లు, చెట్లు, సమస్త ఈజ్‌మెంట్ హక్కులతో సహా’ అన్న వాక్యం మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. అది అప్పటికే ఉన్న హక్కును అందిస్తుంది గానీ, లేని హక్కును పుట్టించదు.

వీటితోపాటు గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. బండి చాళ్ళు చాలాచోట్ల స్పష్టంగా కనిపిస్తాయి. దారి ఉందని అవి చెప్పగలవు, అది హక్కో అనుమతో చెప్పలేవు. ఆ లోటును తీర్చవలసింది సాక్షులు. మీ బంధువులకన్నా, ఆ పొలంలో ఒకప్పుడు కౌలు చేసిన రైతు, తోట గుత్తకు తీసుకున్న వ్యాపారి, కాయ ఎత్తిన లారీ డ్రైవరు, బోరు వేసినప్పుడు రిగ్గు తెచ్చినవారు చెప్పే మాటకు విలువ ఎక్కువ. ఇప్పటి స్థితిని ఫొటోలు తీసి, తేదీ, చోటు తెలిసేలా దాచుకోండి. వీలైతే సర్వేయరుతో కొలిపించి, దారి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఎక్కడెక్కడ ఎంత వెడల్పు ఉందో ఒక నక్షా గీయించుకోండి.

మాట్లాడుకుని రాసుకోవడమే అన్నిటికన్నా చవక

రెండు పొలాలవారూ ముఖముఖాలు చూసుకునే స్థితిలో ఉండగానే దారి హక్కును డబ్బిచ్చి రాయించుకోవడం ఉత్తమం. ధర గురించి ముందే లెక్క కట్టుకోండి. 12 అడుగుల వెడల్పు, 600 అడుగుల పొడవున్న దారి 7,200 చదరపు అడుగులు, సెంటుకు 435.6 చదరపు అడుగుల చొప్పున సుమారు పదహారున్నర సెంట్లు. ఎకరా ధరలో ఆరో వంతు అనుకుంటే బేరానికి ఒక కొలత దొరుకుతుంది. నడిచే హక్కు మాత్రమే తీసుకుని, నేల వారిదిగానే ఉంటే ధర ఇంకా తగ్గాలి. స్థోమత ఉంటే ఆ స్థలాన్ని సబ్‌డివిజన్ చేయించి పూర్తిగా కొనేసుకోవచ్చు. అప్పుడు ఏ రకం బండి పోవాలి, పైపు వేయవచ్చా అన్న ప్రశ్నలే ఉండవు. అయితే అది ప్రభుత్వం కేటాయించిన డీకేటీ పట్టా భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టాన్ని, రిజిస్ట్రేషన్ శాఖ 22ఎ నిషేధిత జాబితాను చూసుకోకుండా పైకం చేతులు మారకూడదు.

100 రూపాయల స్టాంపు కాగితం మీద పెద్దమనుషుల సంతకాలతో రాసుకున్న ఒప్పందాలు మన జిల్లాలో లెక్కలేనన్ని ఉన్నాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 17 ప్రకారం 100 రూపాయలు, అంతకు పైన విలువగల స్థిరాస్తి హక్కును సృష్టించే పత్రానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్టరు కాని కాగితంతో శాశ్వత దారి హక్కు రాదు. పైగా అది ఈసీలో కనిపించదు కనుక, రేపు ఆ పొలం కొన్నవారు తమకు తెలియదంటారు. పత్రంలో ముఖ్య భాగం ఈ ధోరణిలో ఉండవచ్చు:

‘‘‘ఎ’ షెడ్యూలులో వివరించిన నా భూమి తూర్పు గట్టు వెంబడి, ఉత్తరమున గల పంచాయతీ రోడ్డు మొదలు దక్షిణమున ‘బి’ షెడ్యూలు భూమి వరకు, 600 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పున, జతపరచిన నక్షాలో ఎర్ర రంగుతో చూపిన స్థలము మీదుగా, ‘బి’ షెడ్యూలు భూమి యజమానులు, వారి వారసులు, వారి నుండి హక్కు పొందినవారు, వారి కౌలుదారులు, కూలీలు, పశువులు, ఎద్దుల బండ్లు, ట్రాక్టర్లు, లారీలతో సంవత్సరము పొడవునా రాత్రింబవళ్ళు రాకపోకలు సాగించుకొనుటకును, సదరు స్థలము అంచున భూమిలో మూడు అడుగుల లోతున నీటి పైపు వేసుకొనుటకును శాశ్వత హక్కు కల్పించడమైనది. సదరు స్థలముపై యాజమాన్యము నాదిగానే ఉండును. దారి మరమ్మతు ఖర్చు ‘బి’ షెడ్యూలు యజమానులు భరించవలెను.’’

దీనికి గేటు ఉంటుందా, తాళం ఎవరి దగ్గర ఉంటుంది, యజమాని తన ఖర్చుతో దారిని మరో పక్కకు జరపవచ్చా అన్నవి కలుపుకోవాలి. సంతకాల విషయంలో పొరపాటు జరగకూడదు. ఉమ్మడి భూమి అయితే ఒక్క భాగస్థుడు రాసి ఇచ్చినది మిగిలినవారిని కట్టిపడేయదు. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైన సవరణ, ఆ తర్వాత దేశమంతటికీ వర్తించిన 2005 సవరణ వల్ల ఆడబిడ్డలకు కూడా పిత్రార్జితంలో హక్కుంది కనుక, కొడుకులు మాత్రమే సంతకం చేసిన పత్రంతో తృప్తి పడకండి. భూమి బ్యాంకులో తనఖా ఉంటే బ్యాంకు అంగీకారం కూడా తీసుకోవాలి.

దారి మూసేస్తే

కంచెను మీరే పీకేయకండి. ఈజ్‌మెంట్ల చట్టం సెక్షన్ 36 ఆ పని మీరు చేయకూడదని సూటిగా చెబుతుంది. హక్కు మీదే అయినా, కేసు మాత్రం మీ మీద నమోదవుతుంది. పోలీసులు సివిల్ తగాదా అని పంపించేస్తే వారిని పూర్తిగా తప్పుపట్టలేం. అక్రమ నిరోధం గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 126లోనే, ప్రైవేటు దారిని మూసే హక్కు తనకుందని సద్బుద్ధితో నమ్మి మూసినవారిది నేరం కాదన్న మినహాయింపు ఉంది.

గొడవ కొట్లాట దాకా పోయేలా ఉంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 166 ఒక తాత్కాలిక మార్గం. 2024 జులై 1కి ముందు ఇదే పాత క్రిమినల్ ప్రొసీజరు కోడ్‌లో సెక్షన్ 147గా ఉండేది. ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు హోదాలో తహసీల్దారు గానీ ఆర్డీవో గానీ ఇరుపక్షాలనూ విచారించి, దారికి అడ్డు పెట్టవద్దని ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఏడాది పొడవునా నడిచే దారైతే సమాచారం అందడానికి ముందు మూడు నెలల్లో దాన్ని వాడి ఉండాలి. ఫలానా కాలంలోనే నడిచే దారైతే కిందటి ఆ కాలంలో వాడి ఉండాలి. వేసవి దారి రైతులకు ఈ రెండో నిబంధన అక్కరకొస్తుంది. ఈ ఉత్తర్వు శాంతిభద్రతల కోసమే. అంతిమ హక్కును తేల్చేది సివిల్ కోర్టే.

అక్కడికి, అంటే పొలం ఉన్న ప్రాంతపు జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వెళ్ళినప్పుడు, దారి హక్కు ఉందని ప్రకటన, అడ్డు పెట్టకుండా శాశ్వత ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు), అప్పటికే వేసిన కంచెను తొలగించమని ఆజ్ఞ, ఈ మూడింటినీ కలిపి అడగాలి. దావా పత్రంలో హక్కు ఏ ఆధారం మీద వచ్చిందో వివరంగా రాయాలి. అవసరపు దారి అని, అది కాకుంటే దీర్ఘకాల అనుభవమని ప్రత్యామ్నాయంగా చెప్పుకోవచ్చు, కానీ దేని వాస్తవాలు దానికి విడిగా ఉండాలి. ఆ స్థలానికి యజమానిని నేనే అని మాత్రం అదే నోటితో అనకండి. తన భూమి మీద తనకు ఈజ్‌మెంట్ ఉండదు కనుక, ఆ మాట 20 ఏళ్ళ వాదనను కూల్చేస్తుంది. దారి పొడవు, వెడల్పు, దిక్కులు, సర్వే నంబర్లు, నక్షా లేకుండా వేసిన దావా గెలిచినా అమలు దగ్గర చతికిలపడుతుంది.

దావాతోపాటే సివిల్ ప్రొసీజరు కోడ్ ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్, ఆర్డర్ 26 రూల్ 9 కింద అడ్వకేట్ కమిషనర్ కోసం దరఖాస్తులు వేయించండి. కమిషనర్ సర్వేయరును వెంటబెట్టుకుని వచ్చి, బండి చాళ్ళు, కొత్తగా పాతిన రాతి కూసాలు, దున్నేసిన ఆనవాళ్ళు నమోదు చేస్తారు. తొలి వానకు దున్నేస్తే చాళ్ళు మాయమవుతాయి కనుక ఈ పని ఆలస్యం కాకూడదు. కంచె పడకముందు కోర్టుకు వెళ్ళినవారికి యథాస్థితి ఉత్తర్వు దొరకడం తేలిక. కంచె పడ్డాక దాన్ని మధ్యంతరంగా తీయించడం అరుదు.

దావా వేయకుండానే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు గానీ మండల న్యాయ సేవల కమిటీకి గానీ దరఖాస్తు పెట్టి, లోక్ అదాలత్‌లో రాజీ చేసుకునే వీలు కూడా ఉంది. అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. దావా నడుస్తుండగా రాజీ కుదిరితే కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తారు. పెద్దమనుషులు కుదిర్చిన రాజీని స్టాంపు కాగితం మీద వదిలేయకుండా ఇక్కడ అవార్డుగా మార్చుకోవడం తెలివైన పని.

కొనేవారికి, పంచుకునేవారికి

బయానా ఇవ్వకముందే పొలం చూడ్డానికి ఒకసారి ఒంటరిగా వెళ్ళండి. అమ్మేవారు కారులో తీసుకెళ్ళిన దారి ఎవరి భూమిలోంచి పోతోందో, ఆ భూమి యజమానిని కలిసి అడగండి. ఆయన నుంచి ‘మేం పోనిస్తున్నాం’ అన్న జవాబు వస్తే అది అనుమతి దారి అని గ్రహించి, విక్రయానికి ముందే రిజిస్టర్డు దారి పత్రం తెప్పించమని అమ్మేవారిని అడగాలి. చెక్కుబందీలో రస్తా అని ఉంటే ఆ రస్తాకు పోరంబోకు నంబరు ఉందో లేదో పటంలో చూడాలి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పంచుకునేటప్పుడు ప్రతి భాగానికీ దారిని అడుగులతో సహా షెడ్యూలులో రాయించాలి. ఉమ్మడి దారిగా వదిలే స్థలాన్ని ఎవరి భాగంలోనూ కలపకుండా విడి షెడ్యూలుగా చూపించి, సర్వేయరుతో సబ్‌డివిజన్ చేయించి, ఎఫ్‌ఎంబీలోకి ఎక్కించుకోవాలి. బోరు ఒకరి భాగంలో, తోట ఇంకొకరి భాగంలో పడితే పైపు దారిని, స్టార్టరు దగ్గరికి నడిచే హక్కును కూడా అదే పత్రంలో రాయించండి.